గోడ మీది ఊరు, పటంలోని ఊరు

1921లో మెక్సికో విద్యామంత్రి అయిన హోసే వాస్కొన్సెలోస్ ప్రభుత్వ భవనాల గోడలను చిత్రకారులకు అప్పగించారు. దియేగో రివేరా, ఒరోస్కో, సికేరోస్ వాటి మీద రైతులను, కూలీలను, ఆదివాసీ స్త్రీలను నిలువెత్తున నిలబెట్టారు. అక్షరం రానివాళ్లు కూడా తమ చరిత్ర చూసి తెలుసుకోవాలన్నది ఉద్దేశం. 1952లో భారతీయ చిత్రకారుడు సతీశ్ గుజ్రాల్ అక్కడికి వెళ్లి రివేరా, సికేరోస్‌ల దగ్గర పని నేర్చుకున్నారు.

తెలంగాణలో ఊరు బొమ్మలోకి వచ్చిన దారి వేరు; ఇక్కడ సర్కారు పిలుపేదీ లేదు. సిద్దిపేటకు చెందిన కాపు రాజయ్య (1925–2012) నకాషీ పనితనాన్ని ఒంటబట్టించుకుని బోనాలు, బతుకమ్మ, వడ్డెర స్త్రీలను గీశారు. ఈ నకాషీ పటాలకు పేరుపొందిన ఊరు చేర్యాల. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి పూస్తారు. ఆరాక ఎర్రని నేపథ్యం మీద కులపురాణాన్ని అరలు అరలుగా దించుతారు. కథకుడు చుట్టను విప్పుకుంటూ పోతుంటే ఊరంతా ముందు కూర్చుని వింటుంది.

తర్వాతి తరానికి సొంత ఊరు కనిపించింది మాత్రం చిత్రకళ చదవడానికి బరోడా వెళ్లాకే అనాలి. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన కె. లక్ష్మాగౌడ్ బరోడాలో చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ శిష్యులు. ఆయన ఎచింగ్‌లలో మేకలు, చెట్లు, ఆడామగా ఒకే దేహంలా పెనవేసుకుంటాయి. పల్లెలోని కామాన్ని దాచకుండా గీసిన ఆ నలుపు తెలుపు బొమ్మలను పట్నపు మర్యాద అంత తేలిగ్గా మింగలేకపోయింది.

కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠం కూడా సుబ్రమణ్యన్ దగ్గరే చదివారు. ఊళ్లో చూసిన నాటకాల్లో మగవాళ్లు కట్టిన ఆడవేషాలు ఆయన మనసులో ముద్రపడ్డాయి. నిండైన బొట్టు, కొప్పు, ముక్కుపుడక, ముదురు చీరతో ఆయన గీసే స్త్రీని చూస్తే సంతకం వెతకక్కర్లేదు. ‘దాసి’ సినిమా కళాదర్శకత్వానికి ఆయనకు జాతీయ పురస్కారం వచ్చింది. ఆ స్త్రీ తర్వాత తర్వాత కాస్త అలంకారంగా మారిందన్నది నిజం. తొలినాటి బొగ్గు బొమ్మల బరువు వేరు.

రివేరా రైతు నేటికీ మెక్సికో ప్రభుత్వ భవనాల గోడల మీదే ఉన్నాడు. వైకుంఠం స్త్రీ ఎక్కువగా కొనగలిగినవాళ్ల గోడల మీదికి చేరింది. ఊరి మధ్య విప్పిన పటం చేర్యాలదే. దాన్ని గీసే కుటుంబాలు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని.