సాహస క్రీడాస్థలము

పాత పలకలు, ఇటుకలు, చక్రములు, త్రాళ్ళు, మేకులు, సుత్తులు మున్నగు సామగ్రిని బాలబాలికల కప్పగించి, వారు ఇచ్చవచ్చినట్లు గుడిసెలు కట్టుకొనుటకును, గోతులు త్రవ్వుటకును, నిప్పు రాజవేయుటకును, కట్టినదానిని తామే కూలద్రోసి మరల కట్టుటకును, పెద్దవాని కనుసన్నలలో అవకాశము కల్పించు ఆటస్థలమునకు సాహస క్రీడాస్థలమని పేరు.

ఇట్టిదానిని మొదట ఊహించినవాడు డెన్మార్కు దేశీయుడగు ఉద్యానశిల్పి కార్ల్ థియోడర్ సోరెన్‌సెన్ (1893–1979). తాను శ్రమించి తీర్చిదిద్దిన ఆటస్థలములను విడిచి పిల్లలు ఇండ్లు కట్టుచున్న చోట్లకు పోయి, అచ్చటి చెక్కముక్కలతో ఆడుకొనుచుండుట గమనించి, పాత సామానులతో కూడిన ఆటస్థలములు ఏర్పరుపవలెనని 1931 నాటి తన గ్రంథమున సూచించెను. జర్మను సేనల ఆక్రమణలోనున్న కోపెన్‌హాగన్ నగరమున, ఎండ్రుప్ అను శివారు గృహసముదాయమున, 1943లో ఆ సూచన ఫలించినది. చుట్టును మట్టికట్ట పోసి, కంచె నాటి, లోపలి చిందరవందర వీధివారి కంటబడకుండ చేసిరి. అచ్చటి మొదటి నాయకుడు జాన్ బెర్టెల్‌సెన్ పూర్వము నావికుడు, పిమ్మట శిశువిద్యయందు శిక్షణ పొందినవాడు. పిల్లలకు ఏదియు నేర్పుట తన పని కాదనియు, ఏమి చేయవలెనో వారే నిశ్చయించుకొనవలెననియు ఆతని మతము. తన నిర్మాణములలో నెల్ల వికారమైనది ఇదియేయనియు, తన కంటికి మాత్రము ఇంతకన్న సుందరమైనది లేదనియు సోరెన్‌సెన్ చెప్పెను. తోటలు తీర్చుటయే వృత్తిగా గలవాని నోట ఇట్టి మాట వెలువడుట విశేషమే.

1946లో ఎండ్రుప్‌ను దర్శించిన ఆంగ్ల ఉద్యానశిల్పి హర్ట్‌వుడ్ ప్రభ్వి మార్జరీ ఆలెన్ (1897–1976), బాంబులకు కూలిన లండను ఇండ్ల స్థలములను ఇట్లేల వినియోగింపరాదని 'పిక్చర్ పోస్ట్' పత్రికలో ప్రశ్నించెను. 1948లో కాంబర్‌వెల్‌లో ఒకటి వెలసినది. 1955లో లాంబెత్‌లో లొలార్డ్ క్రీడాస్థలము ప్రసిద్ధికెక్కెను. వికలాంగ బాలలకును ఇట్టి ఆట అవసరమేయని ఆమె పట్టుబట్టగా, 1970లో చెల్సీలో వారికై ప్రత్యేకముగ ఒకటి ఏర్పడినది.

1961లో కోపెన్‌హాగన్‌యందు నెలకొన్న అంతర్జాతీయ క్రీడాస్థల సంఘము 1977లో మాల్టాయందు బాలల క్రీడాహక్కును గూర్చి ప్రకటన వెలువరించెను. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలోని 31వ అధికరణము విశ్రాంతిని, ఆటను హక్కులుగ అంగీకరించినది. భారతదేశము 1992లో ఆ ఒడంబడికయందు చేరెను.

సుత్తులు, నిప్పు గల చోట క్షేమ మెట్లని తల్లిదండ్రులు శంకించుట సహజమే. కొమ్మ యెక్కువాడు ఎత్తును చూచి వెనుదీయగలడు; సాధారణమైన ఆటపరికరములందో, కమ్ముల నడుమ ఎడము 3½ అంగుళములు మించి 9 అంగుళములకు లోబడియున్నచో, మొండెము దూరిన పిదప తల చిక్కుపడు ననుట పసివానికి తెలియదు. కంటికి కనబడు సాహసమును ఉండనిచ్చి, కనబడని గండమును తొలగించుటయే నాయకుని ముఖ్యవిధి. కుళ్ళిన పలకను ఏరివేయుట, పైకి పొడుచుకొనివచ్చిన మేకును వంచుట అందులోనివే. టోక్యోలోని సెతగాయాయందు 1979లో స్థాపితమైన హనెగి క్రీడావనమును స్థానికులే నగరపాలకుల తోడ్పాటుతో నడుపుచు, ఎవరి బాధ్యతపై వారు ఆడుకొనవలెనని ఫలకము నాటిరి. ఏమైనను, ఉయ్యాల నొకసారి కొనుట కొప్పుకొను పురపాలకులు నాయకునకు నెలనెల జీతమిచ్చుటకు సంకోచింతురు; ఇట్టి స్థలములు అరుదుగ నుండుటకు నిప్పుకన్న ఈ జీతమే పెద్ద కారణమని తోచును.