సీసాల్లో లక్షలు, చిత్తడిలో కొన్నే: ఫైటర్ ఫిష్ చుట్టాల కథ

ఫైటర్ ఫిష్‌ని మీలో చాలామంది చూసే ఉంటారు. ఆక్వేరియం షాపులో మిగతా చేపలన్నీ పెద్ద తొట్లలో ఉంటాయి, ఇది మాత్రం కౌంటర్ పక్కన చిన్న సీసాలో ఒంటరిగా ఉంటుంది. చిన్నప్పుడు నేనూ ఒకటి కొన్నాను. పచ్చడి సీసాలో పెట్టి, ముందు అద్దం పెట్టి, అది మొప్పలు ఉబ్బించి ఊగిపోతుంటే ఫ్రెండ్స్‌ని పిలిచి మరీ చూపించేవాణ్ణి. నెల తిరక్కుండానే చచ్చిపోయింది. "ఫైటర్ అంతే బాబూ, ఎక్కువ రోజులు బతకదు" అన్నాడు షాపాయన. నేనూ నమ్మేశాను.

ఆ మాట అబద్ధమని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. సరిగా చూసుకుంటే అది రెండు మూడేళ్ళు హాయిగా బతుకుతుంది. ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. షాపుల్లో లక్షల్లో దొరికే ఈ చేపకి అడవిలో చుట్టాలున్నాయి. వాటిలో కొన్ని మొత్తం ప్రపంచంలో ఒకటి రెండు చిత్తడి నేలల్లో మాత్రమే మిగిలాయి. ఈ రోజు ఎపిసోడ్ వాటి గురించే. ఆ చేపల్ని తెచ్చి ఇంట్లో పెంచితే కాపాడినట్టా, లేక వాటి అంతానికి మనమూ ఓ చెయ్యి వేసినట్టా? ఈ ప్రశ్నకి జవాబు కావాలంటే ముందు చరిత్రలోకి వెళ్ళాలి.

కథ థాయ్‌లాండ్‌లో మొదలవుతుంది. అక్కడ దీన్ని "ప్లా కాట్" అంటారు. అంటే కరిచే చేప. వరి మళ్ళల్లో, కాలవల్లో, గడ్డి మొలిచిన నీటి గుంటల్లో ఉండేది. పల్లెటూరి జనం పట్టి తెచ్చి కుండల్లో పెంచి పోటీలు పెట్టేవాళ్ళు. మన దగ్గర సంక్రాంతికి కోడిపందేలు ఎలాగో, అక్కడ చేపల పందేలు అలాగ. బాగా పోరాడిన చేపకి పిల్లలు పెట్టించడం, వాటిలో మళ్ళీ గట్టివాటిని ఏరుకోవడం. ఇలా తరతరాలు సాగింది. ఎన్నాళ్ళ నుంచి అంటారా? 2022లో వచ్చిన ఒక జన్యు పరిశోధన ప్రకారం మనిషి ఈ చేపని మచ్చిక చేసుకోవడం మొదలుపెట్టి కనీసం 1,000 ఏళ్ళు అయింది. అంటే ఇది నిన్న మొన్నటి అక్వేరియం ఫ్యాషన్ కాదు.

ఇప్పుడు 1840కి వద్దాం. అప్పుడు సియాంని, అంటే నేటి థాయ్‌లాండ్‌ని, పాలిస్తున్నది మూడవ రామ రాజు. ఆయన దగ్గరి చేపలు కొన్ని చేతులు మారి థియోడర్ కాంటర్ అనే డేనిష్ డాక్టర్ దగ్గరికి చేరాయని చెబుతారు. ఈ కాంటర్ ఈస్టిండియా కంపెనీ వారి బెంగాల్ వైద్య విభాగంలో పనిచేసేవాడు. 1849లో ఆయన మలయా ప్రాంతపు చేపల జాబితా ఒకటి అచ్చు వేయించాడు. ఎక్కడో తెలుసా? మన కలకత్తాలో, ఏషియాటిక్ సొసైటీ పత్రికలో. అందులో "పుగ్నాక్స్" అనే పేరు పెట్టాడు. లాటిన్‌లో అంటే కయ్యానికి కాలుదువ్వేది అని.

చిక్కు ఇక్కడే వచ్చింది. ఆ పేరు కింద రెండు వేరు వేరు చేపలు కలిసిపోయాయి. ఒకటి సియాం నుంచి వచ్చిన పందెం చేప. రెండోది పెనాంగ్ కొండ వాగుల్లో ఉండే అడవి చేప. దాదాపు 60 ఏళ్ళ తర్వాత, 1910లో, లండన్‌లో చార్లెస్ టేట్ రీగన్ అనే శాస్త్రవేత్త ఈ ముడి విప్పాడు. పుగ్నాక్స్ అనే పేరు నియమాల ప్రకారం పెనాంగ్ చేపకే చెందుతుందని తేల్చి, సియాం చేపకి "బెట్టా స్ప్లెండెన్స్" అని కొత్త పేరు పెట్టాడు. అంటే మిలమిల మెరిసేది అని. తమాషా చూడండి. కయ్యాలమారి అనే పేరు మాత్రం గుడ్లని నోట్లో పెట్టుకుని పొదిగే, ఆ సాధు చేపకి శాశ్వతంగా అంటుకుపోయింది.

నేను ఈ పేర్ల గొడవ ఎందుకు చెప్తున్నానంటే, ఈ చేపల కథంతా అందులోనే ఉంది. పందేనికి పనికొచ్చే ఒక్క చేప మీదే లోకం చూపంతా ఉండిపోయింది. మిగతావి దాని నీడలో మిగిలిపోయాయి. ఇప్పటిదాకా శాస్త్రవేత్తలు గుర్తించిన బెట్టా జాతులు 70కి పైనే. మనకి తెలిసింది ఒకటి.

సరే, ఆ చుట్టాలని ఓసారి పలకరిద్దాం. బ్యాంకాక్‌కి ఆనుకుని సముత్ సాఖోన్ అనే జిల్లా ఉంది. దాన్నే వాడుకలో మహాచాయ్ అంటారు. అక్కడ కొంచెం ఉప్పగా ఉండే నీళ్ళలో నీపా తాటి చెట్లు పెరుగుతాయి. ఆ చెట్ల మట్టల మొదళ్ళలో నిలిచే నీళ్ళలో ఓ బెట్టా నురగ గూడు కడుతుంది. దాన్ని వేరే జాతిగా గుర్తించి బెట్టా మహాచాయెన్సిస్ అని పేరు పెట్టింది 2012లోనే. అంత పెద్ద మహానగరం పక్కనే ఉన్నా అన్నాళ్ళు దానికో పేరు లేదు. ఇప్పుడు దాని చుట్టూ ఫ్యాక్టరీలు, ఇళ్ళు.

థాయ్‌లాండ్ దక్షిణాన క్రాబీలో సున్నపురాయి కొండల కింద తేట నీటి ఊటల్లో బెట్టా సింప్లెక్స్ ఉంటుంది. మలేషియాలోని జొహోర్‌లో, ఆయర్ హితమ్ దగ్గర, బెట్టా పెర్సెఫనీ అనే చిన్న నల్ల చేప దొరికింది. 1986లో పేరు పెట్టారు. పెర్సెఫనీ అంటే గ్రీకు కథల్లో పాతాళలోకపు రాణి. ఈ చేప ఉండేది పీట్ చిత్తడి అడవిలో. అంటే వేల ఏళ్ళుగా రాలిన ఆకులూ కొమ్మలూ పూర్తిగా కుళ్ళకుండా పొరలు పొరలుగా పేరుకున్న నేల. నీళ్ళు డికాషన్ రంగులో ఉంటాయి, పుల్లగా ఉంటాయి. చాలా చేపలు అందులో బతకలేవు. ఇవి బతుకుతాయి. నిజానికి అక్కడే బతుకుతాయి.

వీటికి ఈ శక్తి ఎక్కడిది? మన కొరమీను గుర్తుందా, తెలంగాణ రాష్ట్ర చేప? అది నీళ్ళ పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది, పిల్లల్ని కాపలా కాస్తుంది. బెట్టాలు దానికి దూరపు బంధువులే. ఇవీ పైకొచ్చి గాలి పీలుస్తాయి. ఇక్కడ పిల్లల బాధ్యత తండ్రిది. కొన్ని జాతుల్లో తండ్రి నురగ గూడు కట్టి కాపలా ఉంటాడు. ఇంకొన్నింటిలో గుడ్లని నోట్లో పెట్టుకుని రోజుల తరబడి దాదాపు ఏమీ తినకుండా తిరుగుతాడు. గాలి పీలుస్తుంది కదా అని సీసాలో పెట్టడం మన పొరపాటు. వరి మడి లోతు తక్కువే కానీ వెడల్పు ఎంత ఉంటుంది చెప్పండి?

ఇప్పుడు అసలు దెబ్బ గురించి మాట్లాడుకుందాం. ఆ పీట్ అడవుల్ని కాలవలు తవ్వి ఎండగట్టారు. 1990ల మధ్యలో ఇండోనేషియా అధ్యక్షుడు సుహార్తో బోర్నియో దీవిలోని కాలిమంతాన్‌లో దాదాపు 10 లక్షల హెక్టార్ల చిత్తడిని వరి పొలాలుగా మార్చాలని ఒక పథకం పెట్టాడు. వేల కిలోమీటర్ల కాలవలు తవ్వారు. నీళ్ళు పోయాయి. ఎండిన పీట్ అంటే ఎండుగడ్డి లాంటిది. 1997లో అంటుకుని నెలల తరబడి కాలింది. వరి మాత్రం పండలేదు. ఆ ఒక్క పథకమే కాదు. మలేషియాలో, ఇండోనేషియాలో చిత్తడి తర్వాత చిత్తడి ఆయిల్ పామ్ తోటగా మారింది. ఆ నూనెని ఎక్కువగా కొనే దేశాల్లో ముందు వరసలో ఉన్నది మనమే. మన బజ్జీల మూకుడుకీ, పెర్సెఫనీ చేపకీ సంబంధం ఉంది. వినడానికి విచిత్రంగా ఉన్నా నిజం అదే.

అక్వేరియం అభిమానులు ఇక్కడే కథలోకి వస్తారు. 1966లో అంతర్జాతీయ బెట్టా కాంగ్రెస్ అనే సంఘం మొదలైంది. తర్వాత వాళ్ళే అడవి జాతుల్ని ఇళ్ళలో జాగ్రత్తగా పెంచి నిలబెట్టే కార్యక్రమం కూడా పెట్టారు. వాళ్ళ వాదన సూటిగా ఉంటుంది. అడవి ఎలాగూ పోతోంది, కనీసం మా తొట్లలో అయినా బతకనివ్వండి అని.

దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. ఎందుకంటే ఇలాంటిది ఒకసారి నిజంగా పనిచేసింది. బెట్టా విషయంలో కాదు, మెక్సికోలో టెకీలా స్ప్లిట్‌ఫిన్ అనే చిన్న చేప విషయంలో. అది తేఉచిత్లాన్ అనే ఒక్క నదిలోనే ఉండేది, 2003 నాటికి అక్కడ కనుమరుగైంది. కానీ అంతకు ముందే, 1998లో, ఇంగ్లాండ్‌కి చెందిన ఒక అక్వేరియం అభిమాని పెంచిన 5 జతలు మెక్సికోలోని మిచోకాన్ విశ్వవిద్యాలయానికి చేరాయి. ఏళ్ళ తరబడి పెంచి, పెద్ద చెరువుల్లో అలవాటు చేసి, చివరికి 1,500 చేపల్ని ఆ నదిలోనే వదిలారు. అవి నిలదొక్కుకున్నాయి. 5 జతల నుంచి ఒక జాతి ఇంటికి తిరిగి వచ్చింది.

మరి బెట్టా పెంచేవాళ్ళందరూ ఇదే చేస్తున్నారా? కాదు. తేడా ఎక్కడుందో చూడండి. మెక్సికో చేప ఏ నదిదో తెలుసు. ఇంకో జాతితో కలపలేదు. వెనక్కి వెళ్ళడానికి నది ఉంది, దాన్ని బాగు చేయడానికి ఊరి జనం, విశ్వవిద్యాలయం చేతులు కలిపారు. ఈ మూడూ ఉంటేనే తొట్టి నోవా ఓడ అవుతుంది. లేకపోతే అది ఉత్త తొట్టే.

ఆన్‌లైన్‌లో "వైల్డ్ బెట్టా" అని చూసే ఉంటారు. "ఏలియన్" అని కూడా అమ్ముతారు. చాలా అందంగా ఉంటాయి, కానీ అవి రెండు మూడు అడవి జాతుల్ని కలిపి పుట్టించిన సంకరాలు. ఏ చిత్తడికీ చెందవు, ఏ చిత్తడికీ తిరిగి వెళ్ళలేవు. వాటిని పెంచడం తప్పని నేను అనను. కానీ దాన్ని సంరక్షణ అంటే మాత్రం ఒప్పుకోను.

ఇంకో వాదన ఉంది, అది కూడా వినాలి. బ్రెజిల్‌లో రియో నీగ్రో నది మీద బార్సెలోస్ అనే ఊరుంది. అక్కడి జనం కార్డినల్ టెట్రా అనే చిన్న చేపల్ని పట్టి అమ్మి బతుకుతారు. ఆ చేపల మీద ఆదాయం ఉన్నంతకాలం వాళ్ళకి అడవి కావాలి, నరకరు. అక్కడ ప్రాజెక్ట్ పియాబా అనే బృందం ఏళ్ళుగా చెప్తున్నది ఇదే. అంటే అడవి చేపని కొనడమే ఒక్కోసారి అడవికి మేలు. కానీ కార్డినల్ టెట్రాలు వరద మైదానాల్లో లెక్కలేనన్ని ఉంటాయి. ఒకే ఒక్క చిత్తడిలో మిగిలిన బెట్టాకి ఈ లెక్క పనికిరాదు. అక్కడ పది మంది కలెక్టర్లు వల వేస్తే చాలు. జాతి ఎంత అరుదైతే ధర అంత పెరుగుతుంది, ధర పెరిగితే వల వేసేవాళ్ళు పెరుగుతారు. వల వేసే పేదవాణ్ణి తిట్టి లాభం లేదు. ఆ ధర పెట్టేది ఎక్కడో ఏసీ గదిలో ఉన్న మనలాంటివాళ్ళం.

ఇక థాయ్‌లాండ్ సంగతి. 2016లో ఆ దేశ జెండా రంగులున్న ఒక ఫైటర్ ఫిష్ ఫేస్‌బుక్ వేలంలో 53,500 బాత్‌లకి పోయింది. 2019లో ప్రభుత్వం ఈ చేపని తమ జాతీయ జలచరంగా ప్రకటించింది. మంచిదే. కానీ జెండా రంగుల చేప ఫారాల్లో ఎప్పుడూ ఉంటుంది. మహాచాయ్ తాటి మట్టల్లోని చేప ఉంటుందా అన్నది వేరే ప్రశ్న.

మరి మనం ఏం చేయగలం? అడవి బెట్టా కొనాలనిపిస్తే ముందు అమ్మేవాణ్ణి అడగండి. ఇది ఏ జాతి, ఏ చోటుది, పట్టి తెచ్చిందా, పెంచి పుట్టించిందా? జవాబు లేకపోతే కొనొద్దు. ఉంటే ఆ వివరం రాసి పెట్టుకోండి, పిల్లల్ని ఎవరికైనా ఇస్తే ఆ కాగితం కూడా ఇవ్వండి. వేరే జాతితో కలపొద్దు. పెంచలేకపోతే చెరువులో మాత్రం వదలొద్దు. అక్వేరియంల నుంచి వచ్చిన సక్కర్ ఫిష్, అదే మనవాళ్ళు దెయ్యం చేప అంటున్నది, మన చెరువుల్లో ఏం చేస్తోందో వార్తల్లో చూస్తూనే ఉన్నాం. షాపులో మామూలు ఫైటర్ కొన్నా సరే, దానికి సీసా కాదు, కాస్త తిరిగే చోటు, నాలుగు ఆకులు ఇవ్వండి.

ఆ రోజు షాపాయన చెప్పింది చేప గురించి కాదని నాకిప్పుడు అర్థమవుతుంది. సీసాలో ఏదైనా ఎక్కువ రోజులు బతకదు. జాతులు కూడా అంతే. వెనక్కి వెళ్ళడానికి ఓ చిత్తడి ఉన్నప్పుడే తొట్టిలో పెంచినదానికి అర్థం ఉంటుంది.

మీ ఇంట్లో ఫైటర్ ఉంటే అది ఎలాంటి చోట ఉందో కామెంట్లలో రాయండి. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.