ఉక్కు గడియారము, బంగారు వెల

లోహములలో బంగారము మేలైనదనియు, ఉక్కు దానికి సరిరాదనియు బాలురు సైతము ఎరుగుదురు. కాని ఈ లోకన్యాయము తలక్రిందులైన చోటొకటి కలదు. అది జెనీవా నగరమునందలి గడియారముల వేలము. అచ్చట 2016 వ సంవత్సరము నవంబరు మాసమున, పాటెక్ ఫిలిప్ సంస్థవారు చేసిన ఒక ఉక్కు చేతిగడియారము 1 కోటి 10 లక్షల స్విస్ ఫ్రాంకులకు అమ్ముడుపోయెను. అంతవరకు ఏ చేతిగడియారమునకును వేలమున అంత వెల పలికియుండలేదు. అదే నమూనాలో బంగారముతో చేసినవి అంతకంటె ఎంతో తక్కువ వెలకు దొరకుచుండగా, ఉక్కుదానికి ఇంతటి గౌరవ మేల కలిగెను? ఈ ప్రశ్నను విడదీసి చూచినచో, ధనవంతుల వేడుకగా మాత్రమే కనబడు ఈ సంగ్రహణమున మనబోటి గృహస్థులు తెలిసికొనదగిన విషయ మొకటి కలదని మాకు తోచినది.

ఆ నమూనా 1518 అను అంకెతో ప్రసిద్ధమైనది. 1941 లో దాని నిర్మాణ మారంభమైనది. అది వేళను చూపుటయేగాక, మీట నొక్కినంతనే నడిచిన క్షణములను వేరుగా లెక్కించును. తేదీని, వారమును, మాసమును చూపును. ముప్పది దినముల మాసమేదియో, ముప్పదియొక్క దినముల మాసమేదియో దానికి తెలియును. నాలుగేండ్ల కొకమారు ఫిబ్రవరికి వచ్చు అదనపు దినము సైతము దాని చక్రముల పండ్లలో ఇమిడియున్నది. 2100 వ సంవత్సరమున మాత్రము ఆ అదనపు దినము రాదు గనుక, అప్పుడు మనుష్యుడు దానిని దిద్దవలెను. ఇంత పనియు కమాను, చక్రములు, మీటలు తప్ప వేరొక సాధనము లేకయే జరుగుచున్నది.

1954 వరకు ఇట్టివి 281 మాత్రమే తయారైనవి. వానిలో అత్యధికములు బంగారువి. ఉక్కువి నేటివరకు తెలియవచ్చినవి నాలుగే. అమ్ముడుపోయినది 1943 లో, అనగా యూరపుఖండము యుద్ధాగ్నిలో మండుచున్న కాలమున తయారైనది. ఆనాడు ఉక్కు తక్కువ లోహమే. ఆ తక్కువతనమే డెబ్బది యేండ్ల పిమ్మట విశేషమైనది. కొనువారు ఉక్కుకు వెల కట్టలేదు, అరుదుతనమునకు కట్టిరి.

ఇక ఈ పాతగడియారములపై మక్కువ ఎప్పుడు పుట్టెనో చూతము. 1969 డిసెంబరు 25 న జపానుదేశపు సైకో సంస్థవారు స్ఫటికముతో నడుచు చేతిగడియారమును టోకియోలో విక్రయమునకు పెట్టిరి. విద్యుత్తుచే కంపించు చిన్న స్ఫటికఖండము, తరతరముల నేర్పుతో చేసిన చక్రయంత్రముకంటె నిక్కముగా వేళను చూపగలిగెను. క్రమముగా అట్టివాని వెల పడిపోయెను. 1970 ప్రాంతమున స్విట్జర్లండునందు గడియారపు పనిలో సుమారు 90 వేలమంది యుండిరి. 1980 దశకము నడిమికి వారిలో దాదాపు మూడింట రెండువంతులమందికి పని పోయెను. లోయలలోని పల్లెల కిది మన చేనేతవారికి మరమగ్గము వచ్చినప్పటి కష్టమువంటిదే.

విచిత్రమేమనగా, ఉపయోగము తగ్గిన కొలదియు ఆ వస్తువుపై ఆదరము పెరిగెను. 1974 లో జెనీవాలో ఓస్వాల్డో పాట్రిజ్జి యనునాతడు స్థాపించిన వేలశాల, అంటికోరం అను పేర, గడియారములకే ప్రత్యేకముగా పాటలు నడపెను. 1989 లో పాటెక్ ఫిలిప్ సంస్థకు నూటయేబదియేండ్లు నిండిన సందర్భమున, ఆ సంస్థ గడియారములనే గూర్చి అచ్చట ఒక గొప్ప వేలము జరిగెను. ప్రతి వస్తువునకును ఛాయాచిత్రము, యంత్రవివరణము, పూర్వచరిత్ర అచ్చొత్తించిన పట్టికలు వెలువడసాగెను. ఆ పట్టికలు చదివియే ఒక తరమువారు సంగ్రాహకులైరి. చావనున్న చేతిపనికి వీరి ఆదరము కొంత ఊపిరిపోసెననుట న్యాయము.

సంగ్రాహకుడు మొదట అడుగునది అందమునుగూర్చి కాదు, సాక్ష్యమునుగూర్చి. లోపలి యంత్రముపై చెక్కిన సంఖ్య, పైకవచముపై చెక్కిన సంఖ్య, కర్మాగారపు పాతలెక్కల పుస్తకమున నున్న సంఖ్య పొసగవలెను. ముల్లులు మార్చినను, ముఖఫలకమునకు మరల రంగు వేయించినను వెల పడిపోవును. కవచమును మెరుగుపెట్టించిన గడియారమును జూచి మనము సంతోషింతుము, సంగ్రాహకుడు నిట్టూర్చును. మెరుగుతో పాటు దాని అంచులును అరిగిపోయినవి; అరుగని రూపము మరల రాదు. శాసనమున చెరిగిన అక్షరములను తన యూహకొలది తిరిగి చెక్కించిన పండితుని మన చారిత్రకులు మెత్తురా? గడియారమునకును అదే న్యాయము. గీత పడిన నిజము, మెరుగెక్కిన అబద్ధముకంటె మేలు.

ఈ న్యాయమునకు ప్రసిద్ధమైన ఉదాహరణ మొకటి కలదు. అమెరికా నటుడు పాల్ న్యూమన్ కారుపందెములయందు ఆసక్తి గలవాడు. ఆయన భార్య, నటి జోన్ వుడ్‌వర్డ్, ఒక ఉక్కు రోలెక్స్ గడియారమును కొని, వెనుక భాగమున 'జాగ్రత్తగా నడుపుము' అను భావము గల మాటలు చెక్కించి ఆయనకిచ్చెను. ఆ ముఖఫలకపు నమూనాను ఆనాడు అంగళ్లలో మెచ్చినవారు కొద్దిమందే. 1984 లో న్యూమన్ తన కుమార్తె స్నేహితుడైన యువకుని వేళ యడుగగా, అతడు తనయొద్ద గడియారము లేదనెను. వెంటనే న్యూమన్ తన గడియారమును అతని కిచ్చివేసెను. అదియే 2017 అక్టోబరు 26 న న్యూయార్కు వేలమున, వేలశాల రుసుముతో కలిపి, 1 కోటి 77 లక్షల 50 వేల డాలర్లకు పైగా పలికెను. అట్టి యంత్రము వేరుచోట్లను దొరకును. కాని భర్త క్షేమమునకై భార్య పడిన ఆరాటము ఆ ఒక్కదానిమీదనే చెక్కబడియున్నది.

చరిత్రకే వెల యున్నప్పుడు చరిత్రను కల్పించువారును పుట్టుదురు. 2021 నవంబరులో జెనీవాలో, 1957 నాటిదని చెప్పబడిన ఒక ఒమేగా గడియారము 31 లక్షల ఫ్రాంకులకు పైగా అమ్ముడుపోయెను. కొన్నది ఒమేగా సంస్థవారి ప్రదర్శనశాలయే. 2023 లో ఆ సంస్థవారే, అది పలు గడియారముల భాగములతో కూర్చినదనియు, ఇందు తమ పూర్వోద్యోగుల ప్రమేయము కలదనియు ప్రకటించిరి. తయారుచేసినవారి ఇంటనే తయారైన మోస మిది! వంశావళిని కల్పించి అగ్రహారముల నార్జించిన కూటశాసనముల కథ మనదేశచరిత్రలోను లేకపోలేదు.

దీనికి మారుగా ఇంకొక ఉదాహరణమును చెప్పవలెను. 2019 నవంబరు 9 న జెనీవాలో పాటెక్ ఫిలిప్ వారి మరియొక ఉక్కు గడియారము 3 కోట్ల 10 లక్షల ఫ్రాంకులు పలికి, వెనుకటి వెల లన్నిటిని మించెను. అది పాతది కాదు. ఆ వేలమునకై క్రొత్తగా చేసినది. వచ్చిన సొమ్ము బాలుర కండరములను క్షీణింపజేయు డుషేన్ వ్యాధిపై పరిశోధనకు ఉద్దేశింపబడినది. పూర్వచరిత్ర లేని ఆ వస్తువునకు, దాని మొదటి దినముననే మంచి చరిత్ర యొకటి సమకూరెను.

'వేళ తెలియుటకు నూరురూపాయల గడియారము చాలదా? ఇన్ని కోట్లు ఇనుపపెట్టెలలో బంధించుట లోకమునకు మేలా?' యని చదువరు లడుగుదురు. మేమును అడుగుదుము. ఆడంబరమునకై కొని, ఎన్నడును కీ ఇయ్యక దాచినవాడు యంత్రమును శవముగా జేసినవాడే. అయినను ఈ సంగ్రాహకుల కంటినుండి ఒక పరీక్షను మనము ఎరువు తెచ్చుకొనవచ్చును. ప్రతి వస్తువును జూచి, 'నీవెవరి చేతినుండి ఎట్లు వచ్చితివి?' అని వారడుగుదురు. మన యింటి వస్తువులను మనమట్లు అడిగితిమా?

1961 లో బెంగుళూరున హెచ్.ఎం.టి. సంస్థవారు జపాను సహాయముతో చేతిగడియారముల నిర్మాణము మొదలిడిరి. వారి గడియారములు తెలుగునాట ఎన్నో యిండ్ల పెట్టెలలో నేటికిని ఉన్నవి. కొన్ని మొదటి జీతముతో కొన్నవి. కొన్ని పరీక్షలో నెగ్గిన కుమారునికి తండ్రి యిచ్చినవి. మరికొన్నిటి కథ వేరు. సైకిలు, రేడియో, చేతిగడియారము లేనిదే పీటలమీద కూర్చుండని పెండ్లికుమారులను మన పల్లెలు చూచినవి. ఆ 1961 లోనే వరకట్న నిషేధచట్టమును వచ్చినది. లాంఛనమను పేర గడియారము మాత్రము చేతులు మారుచునే యుండెను. వుడ్‌వర్డ్ భర్తకు గడియారమిచ్చెను. మన ఆడుపడుచు తండ్రియు అల్లున కిచ్చెను. రెండును కానుకలే యని పట్టికలో వ్రాయవచ్చునా? ఒకదాని వెనుక ప్రేమవాక్యము చెక్కబడియున్నది. రెండవదాని వెనుక, కంటికి కనబడకున్నను, అప్పుపత్రము చెక్కబడియున్నది.

కావున చదువరులకు మా విన్నప మిది. పెద్దల గడియారము ఇంట నున్నయెడల దానికి రంగు వేయింపకుడు, మెరుగు పెట్టింపకుడు. నమ్మకమైన పనివానిచే శుభ్రపరచి, కీ యిచ్చి, నడువనిండు. ఎవరు, ఏ యేట, ఏ సొమ్ముతో కొనిరో ఒక కాగితమున వ్రాసి దానితో నుంచుడు. అప్పుచేసి యిచ్చినదైనచో అదియు వ్రాయుడు, మనుమలు చదువనిండు. ఇక మీదట మన యిండ్లకు వచ్చు వస్తువు, దాని కథను వ్రాయుటకు కలము వెనుదీయనట్టిదైనచో, అది ఉక్కుదైనను మనకు బంగారమే.