గొడవాయ తీరం: రేవు సుంకం, మునిగిన ఓడ

శ్రీలంక దక్షిణ తీరాన, హంబన్‌తోట జిల్లాలో, వలవే నది సముద్రంలో కలిసే చోటికి చేరువగా గొడవాయ అనే పల్లె ఉన్నది. అక్కడి ఇసుక తీరాన ఒక రాతిగుట్ట, గుట్టమీద పురాతన విహారం. ఆ రాతిమీద బ్రాహ్మీ లిపిలో చెక్కిన శాసనం, గొడపవత రేవులో వసూలయ్యే సుంకాలను అక్కడి విహారానికి గామణి అభయుడనే రాజు దానం చేసినట్లు తెలుపుతున్నది. ఈ రాజు క్రీ.శ. 2వ శతాబ్దానికి చెందిన మొదటి గజబాహువని పండితుల నిర్ణయం. విహారాలకు భూములనూ చెరువులనూ ఇచ్చిన శాసనాలు లంకలో కొల్లలు. రేవు సుంకాన్ని ఇచ్చినవి బహు అరుదు. చీవర, పిండపాత, శయనాసన, గిలానప్రత్యయాలకు కావలసిన ఆదాయం కొంత ఓడల రాకపోకల నుండి వచ్చేదన్నమాట.

ఆ ఓడలలో ఒకటి ఎలా ఉండేదో ఊహించే అవకాశం 2003లో కలిగింది. శంఖాల కోసం మునిగే స్థానికులకు గొడవాయ ఎదుట, 30 మీటర్లకు పైబడిన లోతున, కాళ్లున్న సన్నెకల్లు వంటి రాళ్లు కనిపించాయి. వార్త పురావస్తు శాఖవారికి చేరేసరికి కొన్నేళ్లు గడిచాయి. తరువాత శ్రీలంక సముద్ర పురావస్తు నిపుణులు, విదేశీ సంస్థల సహకారంతో, 2012 నుండి 2014 వరకు అక్కడ విధివిధానంగా పరిశోధన జరిపారు. గాజు ముద్దలు, నూరుడురాళ్లు, నలుపు-ఎరుపు మట్టిపాత్రలు, తుప్పుతో ఒకటిగా గడ్డకట్టిన ఇనుప, రాగి లోహరాశి బయటపడ్డాయి. హిందూ మహాసముద్రంలో ఇంతవరకు తెలిసిన మునిగిన ఓడలలో ఇదే అతి ప్రాచీనమని భావిస్తున్నారు.

అంత లోతున మామూలు గాలి సిలిండరుతో దిగినవాడు ఒక్క మునకలో నిశ్చింతగా పనిచేయగలిగేది సుమారు ఇరవై నిమిషాలు మాత్రమే. నైరుతి ఋతుపవన కాలంలో ఆ తీరాన దిగడమే సాధ్యం కాదు. ఆ కొద్ది నిమిషాలలోనే స్థిరబిందువుల నుండి దూరాలు కొలవాలి, ఛాయాచిత్రాలు తీయాలి, ప్రతి వస్తువు ఏ దిక్కుకు తిరిగి ఉన్నదో, దేనిపై దేన్ని పేర్చారో గుర్తించాలి. ఇదంతా చాదస్తమని తోచవచ్చు. కాని పైకి తెచ్చిన రాయి రాయిగానే మిగులుతుంది. అది ఓడలో ఏ చోట ఉండేదో తెలిస్తేనే సరుకా, నావికుల వంటసామగ్రా అని చెప్పగలం. నమోదుకు ముందే తీసిన వస్తువుల విషయంలో ఆ నష్టం పూడ్చరానిది.

ఇక కాలనిర్ణయం. కొయ్య ముక్కలపై రేడియోకార్బన్ పరీక్షలు క్రీ.పూ. 2వ శతాబ్దం నుండి క్రీ.శ. 1వ శతాబ్దం వరకు ఉన్న వ్యవధిని సూచించాయి. ఈ పరీక్ష చెప్పేది చెట్టు పెరిగిన కాలమే గాని ఓడ మునిగిన దినం కాదు. పాత కొయ్యను తిరిగి వాడడం ఓడ వడ్రంగులకు కొత్త కాదు. కనుక గజబాహుని శాసనాన్నీ ఈ ఓడనూ ఒకే కథలో కలిపి, ఈ సరుకు సుంకమే విహారానికి చెందిందని వ్రాయడం తొందరపాటు. రేవు శాసనం కంటే పాతదనడానికి మాత్రం ఓడ బలమైన ఆధారం.

మరొక తొందరపాటు మన వర్గంలోనే ఎక్కువ. ఒక సన్నెకల్లుపై నందిపదం, శ్రీవత్సం, మీనం చిహ్నాలు ఉన్నాయి. చూడగానే ఇది బౌద్ధుల ఓడ అనాలనిపిస్తుంది. ఆ మంగళచిహ్నాలను జైనులూ వాడారు, నాణేలపై రాజులూ ముద్రించారు. ఒక్క రాయి గుర్తులను బట్టి నావికుల ధర్మాన్ని నిర్ణయించలేము.

ఆంధ్రదేశంతో లంకకున్న సంబంధానికి ఇంతకంటే దృఢమైన సాక్ష్యాలు శిలలపైనే ఉన్నాయి. ఘంటసాల శాసనం మహానావికుడు శివకుని పేర్కొంటుంది. నాగార్జునకొండలో ఉపాసిక బోధిశ్రీ తామ్రపర్ణి స్థవిరుల కోసం చైత్యగృహం కట్టించింది. ఆమె దానాల జాబితాలో కంటకశైలం, అంటే ఘంటసాల, కూడా ఉన్నది. అయితే కంటకశైలం ఎదుట మునిగిన ఓడ ఏదైనా ఉంటే దాన్ని వెదకవలసింది నీటిలో కాకపోవచ్చు. కృష్ణానది ఒండ్రుతో తీరం ముందుకు జరిగి, ఘంటసాల నేడు సముద్రానికి దూరంగా పొలాల నడుమ ఉన్నది. అక్కడ చెరువులూ బావులూ త్రవ్వేటప్పుడు పాత కలప కనిపిస్తే, దాన్ని బయటకు లాగకముందే లోతు, మట్టి పొర, పడి ఉన్న దిశ వ్రాసిపెట్టుకోవాలి, ఛాయాచిత్రం తీసుకోవాలి.