నిప్పు ఏ కొసన ఉంటుందమ్మా?

ఆంధ్ర వైద్య కళాశాల, కింగ్ జార్జి ఆసుపత్రి రెండూ విశాఖలో 1923లో మొదలైనవే. నూరేళ్ల సంచిక కదా, పెద్ద ఆపరేషన్ల గురించీ పేరుమోసిన సర్జన్ల గురించీ రాసేవాళ్లకు కొదవుండదు. నేను రాయదలచింది చుట్ట తాగే ఆడవాళ్ల గురించి.

ఉత్తరాంధ్ర పల్లెల్లో అడ్డపొగ తెలియనివాళ్లు అరుదు. చుట్ట ముట్టించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి పీలుస్తారు. గాలికి ఆరిపోదు, బూడిద రాలదు, ఒక్క చుట్ట చాలాసేపు వస్తుంది. మగవాళ్ల కంటే ఆడవాళ్లలోనే ఈ అలవాటు ఎక్కువ. చాలా ఇళ్లలో తల్లిని చూసి కూతురు నేర్చుకున్నదే. ఆ కాకా పొగా తిన్నగా తగిలేది అంగిటికి. మిగతా చోట్ల నోటి క్యాన్సరంటే నాలుక, బుగ్గ. గట్టి అంగిట్లో రాచపుండు వేరేచోట అరుదు, ఇక్కడి డాక్టర్లకు పాత పరిచయం.

ఈ తేడాను 1937లోనే కిని, రావు వైద్య పత్రికకెక్కించారు. 1945లో బొంబాయి టాటా స్మారక ఆసుపత్రికి చెందిన ఖనోల్కర్, సూర్యాబాయి అలవాట్ల వల్ల వచ్చే క్యాన్సర్ల మీద రాసిన వ్యాసంలో చుట్టకూ చోటిచ్చారు. కానీ వార్డులో మంచాలు లెక్కపెడితే ఊళ్లో సంగతి తెలియదు. ఊళ్లకు వెళ్లి చూసే పని టాటా మౌలిక పరిశోధన సంస్థ దంతవైద్య బృందం తలకెత్తుకుంది. ఫాలీ మెహతా, డెన్మార్కు నుంచి వచ్చిన పిండ్‌బోర్గ్, వాళ్లతోటివాళ్లు శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్లు చూసి 1971లో ప్రచురించారు. మన సంచికే అయినా వాళ్ల పేర్లు ఇందులో ఉండటం న్యాయం.

తర్వాతి అడుగు ఇంకా ముఖ్యం. శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడేవాళ్ల దగ్గరికి వెళ్లి, సినిమాలు చూపించి, మనిషి మనిషితో విడిగా మాట్లాడి మానమని చెప్పారు. మానినవాళ్లలో, బాగా తగ్గించినవాళ్లలో నోటి మచ్చలు తక్కువ పుట్టాయి. “సుట్ట మానీమంటే ఎలాగ బాబూ, పంటిపోటు ఆగొద్దా?” అనే ముసలమ్మకు కరపత్రం ఇస్తే ఏం లాభం? ముందు ఆ పన్ను సంగతి చూడాలి.

పరీక్షకు యంత్రాలేవీ అక్కర్లేదు. తల వెనక్కి వాల్చమని, కట్టుడు పళ్లుంటే తీయించి, గాజుగుడ్డతో అంగిలి తుడిచి టార్చి వేయాలి. తెల్లబారిన పొర, మధ్యలో ఎర్రటి చుక్కలు కనిపిస్తే చుట్ట మాన్పించి మళ్లీ మళ్లీ చూస్తుండాలి. ఎర్రగా పుండులా ఉన్నా, ఆ పుండు మానకున్నా, ముక్క తీసి పరీక్షకు పంపాలి. ఇప్పుడైతే అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి కూడా ఉంది, వైద్యానికి బొంబాయి దాకా పరుగెత్తనక్కర్లేదు.

ముప్ఫై దాటినవాళ్లకు నోటి పరీక్ష ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. చిక్కల్లా అక్కడ నింపే ఫారం దగ్గరే. “పొగ తాగుతారా?” అని నలుగురి ముందు అడిగితే ఏ అత్తగారు అవునంటుంది? పక్కకు తీసుకెళ్లి, నిప్పు ఏ కొసన ఉంటుందో అడగాలి. జాలరిపేటల్లోనైతే పరీక్ష శిబిరం పొద్దున్నే పెట్టడం దండగ. ఆ వేళకు చేపల గంపలతో ఆడవాళ్లు బజారులో ఉంటారు. మధ్యాహ్నం పెట్టండి.