బొడ్డు చుట్టూ 14 సూదులు: ఆ భయం ఎక్కడ పుట్టింది?

శ్రీముఖలింగం నుంచి మాట్లాడుతున్నాను. వెనకాల మొరుగుతున్నది మా బుజ్జిగాడు. ఆడియోలో తీసేద్దామనుకున్నాను గానీ, ఈరోజు కథంతా వాడి వల్లే మొదలైంది కాబట్టి ఉంచేశాను.

పెట్స్ ఎపిసోడ్ అంటే కుక్కకి చాక్లెట్ ఎందుకు పెట్టకూడదు, పిల్లి గుర్రుగుర్రుమని ఎందుకంటుంది, ఇలాంటివే కదా చెప్తాం. ఈసారి కొంచెం చరిత్రలోకి వెళ్దాం. ఎందుకంటే మా ఇంట్లో ఒక చిన్న గాటు రెండు రోజులు దాచేశారు. దాచింది మా మామ్మ. ఆవిడ దాచడానికి వందేళ్ల కిందటి ఒక మందు కారణం.

జరిగిందేంటంటే, పోయిన సంక్రాంతికి అక్క వాళ్లు ఊరొచ్చారు. మేనల్లుడికి ఆరేళ్లు. బుజ్జిగాడు అప్పటికి రెండు నెలల పిల్ల, తెచ్చి వారం కూడా కాలేదు. ఆటలో వాడి పంటి మొన గుంటడి చేతి మీద గీసుకుంది. రెండు చుక్కల రక్తం. మామ్మ చూసింది, సున్నం రాసింది, పైన గుడ్డ కట్టింది, "అమ్మకి సెప్పకురా" అంది. మూడో రోజు స్నానం చేయిస్తుంటే అక్క చూసి కేకేసింది. ఆసుపత్రికి వెళ్దాం అన్నాన్నేను. మామ్మ గుమ్మంలో అడ్డంగా నిలబడిపోయింది. "ఓలమ్మో, బొడ్డు సుట్టూ పద్నాలుగు సూదులు పొడుస్తార్రా! గుంటడు తట్టుకోలేడు. పాలుతాగే కుక్కపిల్లకి పిచ్చేటి?"

ఆ 14 అనే నంబర్ మీరూ వినే ఉంటారు. చిన్నప్పుడు నన్ను కుక్కల దగ్గరకి వెళ్లనీకుండా భయపెట్టడానికి వాడిన నంబర్ అదే. ఇంతకీ 14 ఏంటి? బొడ్డే ఎందుకు?

ముందు జబ్బు సంగతి. పిచ్చికుక్క కాటు మనకి కొత్త కాదు. సుశ్రుత సంహితలోనే దీని వర్ణన ఉంది. కరిచిన మనిషి నీళ్లు చూసి భయపడటం మొదలెడితే ఇక బతకడని అందులో రాశారు. దాన్ని జలత్రాసం అన్నారు. మింగబోతే గొంతు కండరాలు బిగుసుకుపోతాయి, అందుకే నీళ్లంటే ఆ భయం. ఆ లక్షణం కనపడ్డాక బతికినవాళ్లు ఈరోజుకీ ప్రపంచం మొత్తమ్మీద వేళ్లతో లెక్కపెట్టేంత మందే. అంటే చేయాల్సిందేదైనా లక్షణాలు రాకముందే చేయాలి.

ఇక 1885 జులై 6, ప్యారిస్. జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల కుర్రాణ్ని వాళ్లమ్మ లూయీ పాశ్చర్ దగ్గరకి తీసుకొచ్చింది. ఒళ్లంతా కుక్క కాట్లు. పాశ్చర్ డాక్టర్ కాదు, కెమిస్ట్. సూది వేయడానికి ఆయనకి లైసెన్సే లేదు, పక్కనున్న డాక్టర్ గ్రాంషేతో వేయించాడు. రేబిస్ సోకిన కుందేళ్ల వెన్నుపాముని ఎండబెట్టి, వైరస్‌ని బలహీనం చేసి తయారుచేసిన మందు అది. పది పదకొండు రోజుల్లో 13 సూదులు, పొట్ట చర్మం కింద. కుర్రాడు బతికాడు. పెద్దయ్యాక అదే పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో గేటు దగ్గర ఉద్యోగం చేశాడు. అంటే పొట్టలో సూదుల కథ మొట్టమొదటి పేషెంట్‌తోనే మొదలైందన్నమాట.

ఇక్కడ ఒక డౌట్ రావాలి మీకు. కరిచాక వ్యాక్సిన్ వేస్తే ఎలా పనిచేస్తుంది? పోలియో చుక్కలు జబ్బు రాకముందే కదా వేస్తాం. రేబిస్ వైరస్ చాలా స్లో, అదీ కిటుకు. రక్తంలో పరిగెత్తదు, నరం పట్టుకుని పాక్కుంటూ మెదడు వైపు వెళ్తుంది. మామూలుగా రెండు మూడు నెలలు పడుతుంది. కొందరిలో వారమే, కొందరిలో ఏడాది. మొహం మీదో మెడ మీదో కరిస్తే దారి దగ్గర కాబట్టి టైమ్ తక్కువ. స్లో నెట్‌లో పెద్ద ఫైల్ డౌన్‌లోడ్ అవుతోందనుకోండి, అది 100 శాతం అయ్యేలోపు మనం క్యాన్సిల్ కొట్టాలి.

మన దేశానికి వద్దాం. మొదట్లో ఇక్కడ కుక్క కరిచిన బ్రిటిష్ సోల్జర్లని ఓడెక్కించి ప్యారిస్ పంపేవారు. మనవాళ్లకి ఆ ఓడ ఎక్కడిది? 1900లో హిమాలయాల దగ్గర కసౌలీలో మొదటి పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. అది ఉత్తరాన. దక్షిణాదిలో 1902లో ఒక ఆంగ్లేయ యువతి రేబిస్‌తో చనిపోవడం పెద్ద చర్చ అయ్యింది. తర్వాత అమెరికన్ ధనవంతుడు హెన్రీ ఫిప్స్ ఇచ్చిన డబ్బుతో నీలగిరుల్లోని కూనూరులో 1907లో రెండో కేంద్రం వచ్చింది.

అప్పట్లో మా శ్రీముఖలింగం మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లా. ఒకప్పుడు తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనని శాసనాలు చదివి చెప్పిన గిడుగు రామమూర్తి గారు పుట్టిన పర్వతాలపేట మా పక్కనే. ఆయన కాలంలో ఈ ఊళ్లో ఒకణ్ని పిచ్చికుక్క కరిచిందనుకోండి. మద్రాసుకి రైలు, అక్కడ్నుంచి మెట్టుపాళయం, ఆ పైన కొండ రైలెక్కి కూనూరు. రానూపోనూ ఛార్జీలు, రెండు మూడు వారాల మకాం, తెలియని భాష. కూలోడు వెళ్లగలడా? పసరు మందే దిక్కు.

ఈ పరిస్థితిని మార్చింది ఒక మిలటరీ డాక్టర్, డేవిడ్ సెంపుల్. 1911లో కసౌలీలో ఆయన కొత్త పద్ధతి కనిపెట్టాడు. వైరస్ సోకిన జంతువు మెదడుని నూరి, కార్బాలిక్ యాసిడ్‌తో వైరస్‌ని చంపేసి, ఆ ద్రావకాన్నే వ్యాక్సిన్‌గా వాడటం. దీని గొప్ప ఏంటంటే సీసాల్లో నింపి ఊరూరా పంపొచ్చు. పేషెంట్ కొండెక్కక్కర్లేదు, మందే జిల్లా ఆసుపత్రికి దిగి వస్తుంది. కొన్ని దశాబ్దాల పాటు మన దేశాన్ని కాపాడింది ఈ గొర్రె మెదడు మందే. సెంపుల్‌ని తిట్టుకోకండి ప్లీజ్.

కానీ దాని బలం తక్కువ. అందుకని రోజూ ఒకటి చొప్పున వరసగా వేయాలి. కాటు తీవ్రతని బట్టి 7 నుంచి 14. ఒక్కో డోసూ కొన్ని మిల్లీలీటర్లు. అంత మందు పట్టాలంటే వదులుగా, వెడల్పుగా ఉండే చర్మం కావాలి. మన ఒంట్లో అలాంటి చోటు పొట్టే. నిన్న పొడిచిన చోట వాపు ఉంటుంది కాబట్టి ఇవాళ పక్కకి జరగాలి. అలా జరుగుతూ జరుగుతూ బొడ్డు చుట్టూ తిరిగి వస్తారు. ఇదీ మామ్మ చెప్పే లెక్క. ఆవిడ ఒక్క ముక్క కూడా అబద్ధం చెప్పలేదు.

ఇంకో ప్రమాదం కూడా ఉండేది. ఆ మందులో గొర్రె మెదడు కణజాలం ఉంటుంది కదా, కొందరిలో శరీరం దానిమీద పోరాడబోయి సొంత నరాల మీదే పడేది. పక్షవాతం వచ్చినవాళ్లున్నారు, చనిపోయినవాళ్లూ ఉన్నారు. కాటు కంటే మందుకే జనం భయపడ్డారంటే తప్పు వాళ్లది కాదు.

మామ్మని కూర్చోబెట్టి అడిగితే అప్పుడు చెప్పింది అసలు సంగతి. 1960ల్లో వాళ్ల తమ్ముణ్ని కుక్క కరిచింది. శ్రీకాకుళంలో చుట్టాలింట్లో రెండు వారాలున్నారు. రోజూ పొద్దున్నే వాణ్ని చంకనెత్తుకుని ఆసుపత్రికి తీసుకెళ్లే డ్యూటీ మామ్మదే. ఆవిడకి అప్పుడు పద్నాలుగో పదిహేనో ఏళ్లు. ఎనిమిదో రోజుకి వాడి పొట్ట గట్టిపడి, లాగు బొందు కట్టనిచ్చేవాడు కాదట. "నా మెడ పట్టుకుని నన్నొగ్గేయక్కా అనీవోడు" అంది. నేనింకేం మాట్లాడలేకపోయాను. ఆ తమ్ముడు బతికాడు, మొన్నమొన్నటిదాకా ఉన్నాడు. మామ్మకి మాత్రం అతను బతికిన సంగతి కంటే ఆ ఏడుపే గుర్తుంది.

ఇక్కడ మన జనరేషన్‌ది ఒక తప్పుంది. ఆ మందు పోయిందని ఇంట్లో పెద్దవాళ్లకి మనం ఎప్పుడైనా కూర్చుని చెప్పామా? 2004 చివర్లో మన దేశంలో గొర్రె మెదడు వ్యాక్సిన్ తయారీ ఆపేశారు. అంటే నేను స్కూల్లో ఉన్నప్పుడే! మందు పోయి ఇరవై ఏళ్లు దాటినా దాని భయం మాత్రం మన ఇళ్లలో ఉచితంగా పంచుతూనే ఉన్నాం.

దాని బదులు వచ్చింది కణాల్లో పెంచిన వ్యాక్సిన్. ల్యాబ్‌లో పెరిగే వీరో కణాలుంటాయి, 1962లో జపాన్‌లో ఒక ఆఫ్రికా కోతి కిడ్నీ నుంచి తీసినవి. వాటిలో వైరస్‌ని పెంచి, చంపి, శుద్ధి చేస్తారు. మెదడు కణజాలం ఉండదు. ఇందులో మన తెలుగు కనెక్షన్ ఉంది. పశువుల గాలికుంటు వ్యాధికి టీకా కోసమని జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి బోర్డు హైదరాబాద్‌లో పెట్టిన ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ కంపెనీ తర్వాత కుక్కలకి రక్షారాబ్, మనుషులకి అభయ్‌రాబ్ తెచ్చింది. మనుషుల మందు మళ్లీ ఊటీలో తయారవుతుంది, కూనూరు పక్కనే. (ఇది ప్రమోషన్ కాదండీ, నాకెవరూ ఒక్క రూపాయి ఇవ్వలేదు.)

ఇప్పుడు లెక్క చూడండి. ప్రభుత్వాసుపత్రుల్లో ఎక్కువగా చర్మంలోకి ఇచ్చే పద్ధతి వాడతారు. ఒక్కో చేతికి 0.1 మిల్లీలీటర్, అంటే రెండు చుక్కలు. మొదటి రోజు, 3వ, 7వ, 28వ రోజు. నాలుగుసార్లు వెళ్తే అయిపోయింది, డబ్బు కట్టక్కర్లేదు. ప్రైవేట్‌లో కండరంలోకి ఇస్తే 14వ రోజు కూడా కలిపి ఐదు. రెండూ చేతికే. బొడ్డు జోలికి ఎవరూ రారు.

మామ్మ సున్నం విషయానికొద్దాం. సున్నం, కారం, పసుపు, పసరు ఏదీ వద్దు. కారం పెట్టి రుద్దితే పుండు ఇంకా చీరుకుని వైరస్‌కి దారి చూపించినట్టే. మరి పసరు వేసుకుని బతికినవాళ్లున్నారు కదా అంటారు. ఉంటారు. కరిచిన కుక్కల్లో చాలావాటికి అసలు రేబిస్ ఉండదు, ఉన్నది కరిచినా ప్రతిసారీ సోకదు. బతికినవాళ్లు ఊరంతా తిరిగి చెప్తారు, పోయినవాడు వచ్చి చెప్పలేడు. డేటా అంతా ఒకవైపే ఉంటుంది.

చేయాల్సింది సబ్బు, కుళాయి నీళ్లు, 15 నిమిషాలు. ఇది చిట్కా అనుకోకండి, సైన్సే. ఈ వైరస్ పైన కొవ్వు పొర ఉంటుంది. గిన్నె మీద నూనె పోయినట్టే సబ్బుకి ఆ పొర కరిగిపోతుంది, వైరస్ చచ్చిపోతుంది. 15 నిమిషాలంటే చాలా ఎక్కువసేపు, ఫోన్‌లో టైమర్ పెట్టుకోండి. రెండో రోజు గుర్తొచ్చినా కడగండి. తర్వాత ఆసుపత్రి. రక్తం వచ్చిందంటే వ్యాక్సిన్‌తో పాటు గాయంలోకి ఇచ్చే సీరం కూడా కావాలి, ఎందుకంటే వ్యాక్సిన్ పనిచేయడం మొదలెట్టడానికి వారం పైనే పడుతుంది. ఆ గ్యాప్‌ని సీరం కాస్తుంది. అడగండి, మొహమాటపడకండి. మా మేనల్లుడికి మొదట చూసినాయన టీటీ ఒకటి పొడిచి "పెంపుడు కుక్కేగా, పర్లేదు" అని పంపేశారు. టీటీ ధనుర్వాతానికి, రేబిస్‌కి కాదు. మేం నరసన్నపేట వెళ్లి సరైన మందు వేయించాం. కుక్కనో పిల్లినో పది రోజులు కనిపెట్టి చూడమంటారు, నిజమే. కానీ వ్యాక్సిన్ మొదలెట్టి చూడాలి, చూసి మొదలెట్టకూడదు. కుక్క బాగానే ఉంటే మిగతా డోసులేం చేయాలో డాక్టర్ చెప్తారు. పిల్లి కరిచినా రక్కినా ఇదే రూలు.

"పాలుతాగే కుక్కపిల్లకి పిచ్చేటి" అన్న మాటకి జవాబు, వస్తుంది. తల్లికుక్క దగ్గర్నుంచో, వేరే కుక్క కరిస్తేనో పిల్లలకీ సోకుతుంది. పైగా మూడు నెలలు నిండేదాకా మొదటి రేబిస్ టీకా వేయరు కాబట్టి ఆ వయసులో రక్షణే లేదు. మూడు నెలలకి మొదటిది, డాక్టర్ చెప్పిన టైముకి బూస్టర్, ఆ తర్వాత ఏటా. పిల్లికి కూడా.

నిజానికి సగం కథ కుక్కల టీకాలోనే ఉంది. దాన్ని 1921లో జపాన్‌లో ఉమెనో, డోయి అనే ఇద్దరు తెచ్చారు. 1950లో అక్కడ చట్టం చేసి ప్రతి కుక్కకీ టీకా తప్పనిసరి చేశారు. 1957కల్లా దేశంలో రేబిస్ లేదు. ఏడేళ్లలో! మనుషులకి రేబిస్ ఇచ్చేది 99 శాతం కుక్కలే కాబట్టి, ఊళ్లో 70 శాతం కుక్కలకి టీకా పడితే గొలుసు తెగిపోతుంది. ప్రపంచంలో ఏటా దాదాపు 59,000 మంది దీనితో చనిపోతున్నారని అంచనా, అందులో మూడో వంతు మన దేశంలోనే. మన దగ్గరా జరగనిది కాదు, 2021లో గోవాని రేబిస్ నియంత్రిత ప్రాంతంగా ప్రకటించారు. కుక్కల్ని చంపితే పోతుందనేవాళ్లు గోవా లెక్క ఒకసారి చూడండి.

మా ఊళ్లో గుడి ముందు పడుకునే కుక్కలు నేను లెక్కపెట్టినంతలో 23. శివరాత్రికి చక్రతీర్థ స్నానానికి జనం వచ్చినప్పుడు ఇంకా పెరుగుతాయి. వచ్చే శివరాత్రిలోపు వీటికి టీకాలు వేయించాలని నేనూ మా ఫ్రెండ్సూ పశువైద్యశాల చుట్టూ తిరుగుతున్నాం. ఇప్పటికి తొమ్మిదింటికి పడింది. ఆ వీడియో వేరేగా పెడతాను.

మేనల్లుడి సంగతి చెప్పలేదు కదా. మొదటి సూది అయ్యాక నర్సమ్మని "ఇంతేనా?" అని అడిగాడు. మామ్మ పక్కనే ఉంది. వాడి చొక్కా ఎత్తి పొట్ట చూసింది, మళ్లీ దించింది. ఇంటికొచ్చాక క్యాలెండర్ తీయించి, మిగతా మూడు తేదీలకీ పసుపుతో బొట్లు పెట్టింది. బుజ్జిగాడు పది రోజులూ బ్రహ్మాండంగా ఉన్నాడు, ఇదిగో ఇప్పటికీ మొరుగుతూనే ఉన్నాడు. ఒరేయ్, ఉండ్రా వస్తున్నా.