నిఖత్ జరీన్

నిజామాబాద్‌కు చెందిన బాక్సర్ నిఖత్ జరీన్ (జననం 1996 జూన్ 14) రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్. 2017లో భుజం గాయంతో దాదాపు ఏడాది పాటు ఆటకు దూరమై, శస్త్రచికిత్స తర్వాత తిరిగి వచ్చి, 2022, 2023 సంవత్సరాల్లో వరుసగా ప్రపంచ టైటిళ్ళు గెలిచింది.

 ఉత్తర తెలంగాణ పట్టణాల్లో పిల్లలు మామూలుగా ఆడేది కబడ్డీ, వాలీబాల్, క్రికెట్. నిజామాబాద్‌లో బాక్సింగ్ వేళ్ళూనుకోవడంలో కోచ్ శంషముద్దీన్ పాత్ర పెద్దది. నిఖత్‌కు తొలి పాఠాలు నేర్పింది ఆయనే. ఆయన కుమారుడు హుసాముద్దీన్ కూడా కామన్వెల్త్ క్రీడల్లో రెండుసార్లు కాంస్యం గెలిచిన బాక్సర్.

నిఖత్ తండ్రి మహ్మద్ జమీల్ అహ్మద్ యువకుడిగా ఫుట్‌బాల్, క్రికెట్ ఆడినవాడు. నలుగురు కూతుళ్ళలో మూడోదైన నిఖత్‌ను మొదట పరుగు పందేలకు తయారుచేశాడు. మైదానంలో బాక్సింగ్ వైపు ఒక్క ఆడపిల్ల కూడా లేకపోవడం చూసి, తాను బాక్సింగే నేర్చుకుంటానని ఆమె పట్టుబట్టింది. ఆడపిల్ల నిక్కరు వేసుకుని మగపిల్లలతో తలపడటమేమిటని అన్నవాళ్ళ మాటలను జమీల్ పట్టించుకోలేదు. ఆ రోజుల్లో ఆయన అలా గట్టిగా నిలబడకపోతే తర్వాతి చరిత్ర ఏదీ ఉండేది కాదు.

2009లో విశాఖపట్నంలోని భారత క్రీడా ప్రాధికార సంస్థ కేంద్రంలో చేరి, ద్రోణాచార్య పురస్కార గ్రహీత ఐ. వెంకటేశ్వరరావు దగ్గర శిక్షణ పొందింది. 2011లో టర్కీలోని అంతాల్యాలో జరిగిన ప్రపంచ జూనియర్, యూత్ పోటీల్లో స్వర్ణం సాధించింది. తర్వాత ప్రపంచ యూత్ పోటీల్లో రజతం వచ్చింది. ఇక సీనియర్ జట్టులో స్థిరపడటమే తరువాయి అనుకుంటున్న దశలో, 2017లో అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడుతుండగా భుజం కీలు తొలగింది.

ఫిగర్ స్కేటర్‌కు చీలమండ ఎలాగో బాక్సర్‌కు భుజం అలాగ. ఈ కీలులో గుండ్రటి ఎముక లోతు తక్కువ గుంటలో ఆని ఉంటుంది. చెయ్యి అన్ని వైపులా తిరగడానికి వీలిచ్చేది ఈ అమరికే. సులువుగా జారిపోవడానికి కారణమూ ఇదే. ఒకసారి తొలగితే చుట్టూ ఉన్న మృదులాస్థి, స్నాయువులు చిరిగి, మళ్ళీ జారే అవకాశం పెరుగుతుంది. శస్త్రచికిత్సతో వాటిని బిగించవచ్చు. ఆ తర్వాత చెయ్యి పైకెత్తడం దగ్గర మొదలుపెట్టి నెలల తరబడి కండను తిరిగి పెంచుకోవాలి. గురి తప్పి గాలిలోకి పోయిన పంచ్ కూడా భుజాన్ని ముందుకు లాగేస్తుంది కాబట్టి, కీలు నయమైనా చెయ్యి పూర్తిగా చాచడానికి మనసు వెనకాడుతుంది. 2018 కామన్వెల్త్ క్రీడలు, ఆసియా క్రీడలు రెండూ నిఖత్‌కు అందకుండా పోయాయి.

అదే ఏడాది బెల్‌గ్రేడ్ అంతర్జాతీయ టోర్నీలో స్వర్ణంతో పునరాగమనం మొదలైంది. 2019 ఫిబ్రవరిలో సోఫియాలోని ప్రతిష్ఠాత్మక స్ట్రాంజా టోర్నీ గెలిచింది. ఆసియా ఛాంపియన్‌షిప్‌లో కాంస్యం దక్కింది. అక్కడ సెమీఫైనల్లో ఆమెను ఓడించిన వియత్నాం బాక్సర్ గుయెన్ థి తామ్ పేరు తర్వాత మళ్ళీ వస్తుంది.

పతకాలు వస్తున్నా జట్టులో చోటు మాత్రం ఖాయం కాలేదు. ఆమె ఆడే 51 కిలోల విభాగంలోనే ఆరుసార్లు ప్రపంచ ఛాంపియన్ మేరీ కోమ్ ఉంది. టోక్యో ఒలింపిక్స్ అర్హత పోటీలకు ట్రయల్స్ పెట్టకుండా మేరీ కోమ్‌నే పంపాలన్న ఆలోచన ముందుకు రాగా, 2019 అక్టోబర్‌లో నిఖత్ కేంద్ర క్రీడల మంత్రికి బహిరంగ లేఖ రాసింది. అడిగింది ఒక్క బౌట్ మాత్రమే. చిన్నప్పటి నుంచి ఆరాధించిన క్రీడాకారిణితో పోటీ కోసం అలా అడగడానికి ధైర్యం కావాలి. అలా అడగడం న్యాయం కూడా. డిసెంబర్ 28న ఢిల్లీలో ట్రయల్ జరిగింది. నిఖత్ 1-9తో ఓడిపోయింది. గాయం ఒక ఏడాదిని తీసుకుంటే, ఈ ఓటమి ఏకంగా ఒక ఒలింపిక్స్‌నే తీసుకుంది.

2022 ఫిబ్రవరిలో మళ్ళీ స్ట్రాంజా గెలిచి, ఆ టోర్నీలో రెండు స్వర్ణాలు సాధించిన తొలి భారతీయురాలైంది. అక్కడి సెమీఫైనల్లో టోక్యో రజత విజేత బుసె నాజ్ చాకిరోగ్లును ఓడించింది. మే 19న ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగం ఫైనల్లో థాయ్‌లాండ్‌కు చెందిన జిట్పాంగ్ జుటామస్‌ను 5-0తో ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయింది. మేరీ కోమ్, సరితా దేవి, జెన్నీ, లేఖ తర్వాత ఈ ఘనత దక్కిన ఐదో భారతీయ మహిళ ఆమె. టోర్నీలో ఆడిన ప్రతి బౌట్‌లోనూ న్యాయనిర్ణేతలు ఐదుగురూ ఆమె వైపే మొగ్గారు.

52 కిలోల విభాగం ఒలింపిక్స్‌లో లేదు కనుక 50 కిలోలకు దిగింది. అదే ఏడాది బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం, 2023 మార్చి 26న ఢిల్లీలో రెండో ప్రపంచ టైటిల్ వచ్చాయి. ఢిల్లీ ఫైనల్లో ఎదురైంది గుయెన్ థి తామ్; ఫలితం 5-0. రెండు నెలలకే తాష్కెంట్‌లో పురుషుల ప్రపంచ పోటీల సెమీఫైనల్ చేరిన కోచ్ శంషముద్దీన్ కుమారుడు హుసాముద్దీన్ మోకాలి గాయంతో బరిలోకి దిగలేక కాంస్యంతో సరిపెట్టుకున్నాడు.

పారిస్ ఒలింపిక్స్‌లో నిఖత్‌కు సీడింగ్ దక్కలేదు. దాంతో రెండో బౌట్‌లోనే టాప్ సీడ్, చైనాకు చెందిన వూ యూ ఎదురై 5-0తో ఓడించింది. 2024 సెప్టెంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం ఆమెను పోలీసు శాఖలో డీఎస్పీగా నియమించింది. 2025లో లివర్‌పూల్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ క్వార్టర్‌ఫైనల్లో ఆమెను ఆపింది పాత ప్రత్యర్థి చాకిరోగ్లు. ఆ ఏడాది నవంబర్‌లో గ్రేటర్ నోయిడాలో జరిగిన ప్రపంచ బాక్సింగ్ కప్ ఫైనల్స్‌లో 51 కిలోల స్వర్ణం నిఖత్ గెలుచుకుంది.